ఏడో గేటు గోడమీద సున్నం గీతలు

నా ఉద్యోగ విరమణ సభలో ఒక పెద్ద అధికారి నాకు శాలువా కప్పి, మైకు పట్టుకొని, చివరి ఆయకట్టుకు నీళ్లు అందకుండా చేసిన సాంకేతిక లోపాన్ని కనిపెట్టి సరిదిద్దిన ఘనత నాదేనన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ లోపం పెట్టింది నేను. దాన్ని కనిపెట్టింది ఒక లస్కర్, అంటే కాలువ గేటు కాసే మనిషి. ఆయన్ను అప్పటికే ఉద్యోగంలోంచి తీసేశారు. ఈ మూడు సంగతులూ తెలిసిన అధికారే ఆ మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. నేను శాలువా భుజాన వేసుకొని, ఇచ్చిన మైసూర్‌పాక్ తిని, ఇంటికి వచ్చాను. ఆ పూట ఎందుకు నోరు విప్పలేదని నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు ఇది చెప్పాలనిపించి రాస్తున్నాను. మీరు నాకంటే చదువుకున్నవాళ్లు, కంప్యూటర్ సంగతులు నాకంటే బాగా తెలిసినవాళ్లు. అయినా ఈ తప్పు మీరూ చేస్తారు. చేయకుండా ఉండేంత తెలివి ఎవరికీ ఉండదు. చేశాక ఏం చేస్తారన్నదే నా బాధ.

నాది గద్వాల. వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేరాను. కృష్ణ నీటిమట్టం ఎంతుందో గంటగంటకూ సెట్టు ముందు కూర్చొని పై ఆఫీసుకు చదివి వినిపించడం నా పని. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. వైర్‌లెస్ తెలిసినవాడికి కంప్యూటర్ కూడా తెలుస్తుందని మా ఆఫీసులో ఎవరికో ఒక నమ్మకం. నన్ను నెల రోజులు శిక్షణకు పంపి, సాంకేతిక సహాయకుడిని చేశారు. చివరి కొన్నేళ్లు వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ మధ్య ఒక ఎత్తిపోతల పథకం కంట్రోల్ రూములో పనిచేశాను. గోపాల్‌పేట దాకా బస్సు, అక్కడినుంచి ఎవరి బండి దొరికితే ఆ బండి.

అక్కడి పని ఇంతే. నదిలోంచి ఎత్తిపోసిన నీళ్లు పెద్ద కాలువలో పారతాయి. దాన్నుంచి చీలే పిల్ల కాలువలకు మోటారు గేట్లు ఉంటాయి. ఏ గేటు ఎన్ని సెంటీమీటర్లు లేవాలో కంట్రోల్ రూములోని కంప్యూటర్ చెబుతుంది, గేటు అంతే లేస్తుంది. అన్నిటికంటే చివరిది ఏడో గేటు, కోడేరు వైపు. దాని కింద మెట్ట భూములు. కొందరివి సొంతం, కొందరివి కౌలు. ఏడో గేటు సరిగ్గా లేచిన సంవత్సరం యాసంగిలో వరి, వేరుశనగ పండుతాయి. లేవకపోతే మళ్లీ బస్సెక్కి ఏదో ఊరికి పనికి పోవడమే.

ఆ గేటు కాసే లస్కర్‌కు నలభై ఏళ్లుంటాయి. కూలి చేసుకునే క్రైస్తవుల ఇల్లు. వాళ్ల నాన్న ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో కాలువలు తవ్వడానికి పోయి, తట్ట మోసి మోసి నడుము పోగొట్టుకున్న మనిషి. జీవితమంతా ఊరోళ్ల కాలువలు తవ్విన ఇంట్లో, నీళ్లమీద ఒక మాట చెల్లే మనిషి ఈ లస్కరే. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగమే, ఒక్క ఫోన్‌తో ఊడిపోయేదే. అయినా ఆయనకు అది గొప్ప. కరెంటు పోతే గేటును చేత్తో తిప్పడానికి ఒక పొడుగాటి ఇనుప హ్యాండిల్ ఉండేది. ఇంటికి పోతూ దాన్ని భుజానేసుకొని పోయేవాడు, పొద్దున్నే మళ్లీ భుజానేసుకొని వచ్చేవాడు.

రోజూ ఉదయం ఎనిమిదింటికి కంట్రోల్ రూములో డ్యూటీ మారుతుంది. ముగ్గురు ఆపరేటర్లు, ఒక్కొక్కరికి ఒక్కో రోజు. పదకొండు గంటలకల్లా కాలువలో నీటిమట్టం కుదురుకున్నాక లస్కర్ ఫోన్ చేసి మట్టం ఎంతో చెప్పాలి, ఆపరేటర్ రాసుకోవాలి. లస్కర్ ఎన్నడూ ఆ ముగ్గురినీ చూడలేదు. గొంతులే తెలుసు. ఒకాయనది దగ్గు గొంతు, ఒకామె మేడమ్, మూడో ఆయన మూడు సార్లు హలో అంటే గానీ మాట మొదలుపెట్టడు. ఈయన రాత అంతంత మాత్రం కాబట్టి, గేటు పక్క గోడమీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ సున్నంతో గీత గీసి, గీత చివర ఒక గుర్తు పెట్టేవాడు. దగ్గు సారుకు సున్న, మేడమ్‌కు బొట్టు, హలో సారుకు మూడు అడ్డగీతలు. ఎందుకయ్యా ఇదంతా అని ఒకసారి అడిగాను.

“ఎన్నడన్న ఎవరన్న అడుగుతే చెప్పాలె గద సార్, ఏ దినం ఎవరికి చెప్పిన్నో” అన్నాడు.

అప్పుడు నవ్వుకున్నాను.

ఇక నా తప్పు సంగతి. అంతకు రెండేళ్ల ముందు ఏడో గేటు కింది రైతులు నీళ్లు చాలడం లేదని రోడ్డుమీద కూర్చున్నారు. వాళ్లది న్యాయమైన మాటే. మా అసిస్టెంట్ ఇంజినీరు, నేను, ఆ లస్కర్, ముగ్గురం కాలువలో దిగి కొలిచాం. ఆ గేటు ముప్పై సెంటీమీటర్లు లేస్తే నీళ్లు చివరి మడి దాకా పోవు, నలభై అయిదు లేవాలి అని తేలింది. కాగితమ్మీద మంజూరు కూడా వచ్చింది. కంప్యూటర్‌లో ఆ అంకె మార్చాల్సింది నేను.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పక తప్పదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ మొదలవగానే, ఎలా నడుచుకోవాలో చెప్పే ఫైళ్లను వెతుక్కుంటుంది. అందరికీ వర్తించే ఫైలు ఒకటి సిస్టమ్ ఫోల్డర్‌లో ఉంటుంది. అది ఆఫీసు నోటీసు బోర్డుమీది సర్క్యులర్ అనుకోండి. అది చదివాక, ఎవరి పేరుతో లాగిన్ అయ్యారో వాళ్ల సొంత ఫోల్డర్‌లోకి పోయి, అక్కడ ఇంకో ఫైలు ఉందేమో చూస్తుంది. అది ఆ మనిషి బల్లమీద అతికించుకున్న చీటీ. రెండింటిలో ఒకే సంగతి వేరువేరుగా ఉంటే చీటీదే పైచేయి. సర్క్యులర్‌లో ముప్పై ఉండి చీటీలో నలభై అయిదు ఉంటే గేటు నలభై అయిదే లేస్తుంది. చీటీ లేకపోతే ముప్పై. ఈ చీటీ ఫైలు పేరు ముందు ఒక చుక్క ఉంటుంది, అందుకని మామూలుగా ఫోల్డర్ తెరిస్తే కంటికి కనబడదు. ఇది మంచి పద్ధతే. తప్పు పద్ధతిది కాదు.

సర్క్యులర్ మార్చాలంటే దాని పాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్ పెట్టిన కంపెనీ దగ్గర ఉంది. ఫోన్ చేశాను. ఫిర్యాదు నంబరు తీసుకోండి, మా వాళ్లు చూస్తారు అన్నారు. మళ్లీ చేశాను, మళ్లీ అదే మాట. అక్కడ రైతులు రోడ్డుమీద ఉన్నారు. అప్పట్లో ముగ్గురు ఆపరేటర్లూ ఒకే లాగిన్‌తో పనిచేసేవాళ్లు. దాని పాస్‌వర్డ్ గోడమీది క్యాలెండర్ వెనక రాసి ఉండేది. ఆ ఉమ్మడి లాగిన్ ఫోల్డర్‌లో ఒక చీటీ ఫైలు పెట్టి, ఏడో గేటుకు నలభై అయిదని రాశాను. గేటు లేచింది. రైతులు రోడ్డుమీంచి లేచారు. నన్ను ఎవరో టీ తాగమన్నారు. ఎప్పుడో ఒకప్పుడు అసలు ఫైల్లో మార్పించాలి అనుకున్నాను, మరిచిపోయాను.

రెండేళ్లు గడిచాయి. కొత్తగా వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఉమ్మడి లాగిన్ సంగతి విని మండిపడ్డాడు. జవాబుదారీతనం కోసం ఎవరి లాగిన్ వాళ్లకే ఉండాలని ఆర్డర్ వేశాడు. మంచి ఆర్డరే. ముగ్గురికీ మూడు లాగిన్లు తయారుచేసింది నేనే. కొత్త బల్లలు వేశాను గానీ పాత బల్లమీది చీటీ నాకు గుర్తుకు రాలేదు. మేడమ్, హలో సారు బుద్ధిగా తమ లాగిన్లకు మారారు. దగ్గు సారు మారలేదు. ఆయన కర్ణాటక సరిహద్దు ఊళ్లవాడు, మాటల్లో కన్నడం దొర్లుతుంది. “నాకు గా కొత్త పాస్‌వర్డ్ బేడ సార్, రొండేండ్లల్ల రిటైరై ఇల్లు పడ్త” అని క్యాలెండర్ వెనకదాంతోనే నడిపించాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

దాంతో ఏమైందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆర్డర్ పాటించిన ఇద్దరి రోజుల్లో గేటు ముప్పై, పాటించని మనిషి రోజున నలభై అయిదు. మూడు రోజుల్లో ఒక్కరోజే చివరి మళ్లకు నీళ్లు. మాకు మాత్రం ఏమీ తెలియలేదు. తెరమీద గేటు పక్కన ఒక పచ్చ చుక్క వెలుగుతుంది. కంప్యూటర్ చెప్పినంత గేటు లేచిందని దానర్థం. ఎంత చెప్పిందన్నది ఇంకో పేజీలో ఉంటుంది. పచ్చ చుక్క కనబడుతుంటే ఆ పేజీ గానీ, మట్టాలు రాసుకున్న పుస్తకం గానీ తిప్పి చూసేవాళ్లు ఎవరున్నారు?

లస్కర్ నాకు వరసగా పది పన్నెండు రోజులు ఫోన్ చేశాడు.

“సార్, నీళ్లు రొండు దినాలు తగ్గుతున్నయి, ఒక దినం మంచిగొస్తున్నయి. ఏందో జర చూడుండ్రి.”

“ఇక్కడ అంతా బాగుంది. పైన ఎవరన్నా మోటార్లు పెట్టి గుంజుతున్నరేమో చూడు.”

“చూసిన సార్. కాలువెంబడి నడిసే చూసిన. ఎవ్వరు గుంజుతలేరు.”

“నువ్వు పోయినప్పుడు తీసేస్తరు, నువ్వు రాంగనే పెడ్తరు. అట్లనే ఉంటది” అని పెట్టేశాను. పదిసార్లలో పదిసార్లూ పచ్చ చుక్కనే నమ్మాను, మనిషిని నమ్మలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ రాయాలి.

మళ్లు నెర్రెలిచ్చాయి. ఒక ఉదయం రైతులు గేటు దగ్గరికి వచ్చి లస్కర్‌ను చుట్టుముట్టారు. పై ఊరి రైతుల మాట విని గేటు దించుతున్నాడని వాళ్ల అనుమానం. కొట్టలేదు. అంతకంటే పెద్ద పనే చేశారు. వాళ్లలో పెద్ద రైతు ఒకాయన, లస్కర్ చిన్నప్పటినుంచి పటేలా అని పిలిచే మనిషి, లస్కర్ చేతిలోంచి హ్యాండిల్ లాక్కొని ఇంటికి తీసుకుపోయాడు. “నీ చేతుల ఇది ఉంటేనే గద మా నోట్లె మట్టి కొడ్తున్నవు” అన్నాడట. తర్వాత మా ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది.

విచారణకు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు స్వయంగా బయలుదేరాడు, నన్ను వెంట రమ్మన్నాడు. ఎంత శ్రద్ధ అనుకున్నాను. కారెక్కాక తెలిసింది. వెనక ఇంకో కారులో ఆయన చుట్టాలున్నారు. వాళ్లకు సోమశిల చూపించి, కృష్ణలో పడవ ఎక్కించాలి. దారిలో మా గేటు. చుట్టాల కారు కాలువ గట్టుమీద ఇంజిన్ ఆపకుండా నిలబడింది, ఏసీ పోతుందని. అది ఆగి ఉన్నంతసేపే విచారణ. ఒక మనిషి బతుకు తేల్చడానికి ఇరవై నిమిషాలు పట్టిందేమో.

రైతులు ఓ పదిమంది ఉన్నారు. లస్కర్ తల వంచుకోకుండా నిలబడ్డాడు. అది ఇంజినీరుకు మొదటే నచ్చలేదు.

“గేటు ఎందుకు దించినవ్ రా?”

“దించలె సార్.”

“మిషన్ తప్పు చెప్తదా? అక్కడ అంతా కరెక్టే చూపిస్తుంది. నీ దగ్గర హ్యాండిల్ ఉండె. ఇంకెవడు దించుతడు?”

“నేను దించితే అక్కడ పచ్చ దీపం ఎర్రగైతది గద సార్. ఈ సారుకు తెల్సు, అడుగుండ్రి” అని నన్ను చూపించాడు.

అది నూటికి నూరుపాళ్లు నిజం. చేత్తో గేటు తిప్పితే తెరమీద చుక్క ఎర్రబడుతుంది. ఇంజినీరు నా వైపు చూశాడు. నేను “అవును సార్, కానీ...” అన్నాను. ఆ కానీ ఎందుకన్నానో నాకు తెలుసు. నాకు మూడు నెలల్లో పదవీ విరమణ. ఆయన ఆ కానీని అక్కడే పట్టుకున్నాడు. “ఆ, అదే. వీడు దాని వైరు ఏదో పీకి ఉంటడు” అని తేల్చేశాడు.

అప్పుడు లస్కర్ గోడ వైపు చెయ్యి చూపించాడు. “సార్, ఈ గీతలు చూడుండ్రి. ఇగో, సున్న పెట్టినకాడ నీళ్లెక్కినయి. బొట్టు పెట్టిన దినం దిగినయి, మూడు గీతల దినం దిగినయి. నెల సంది గిట్లనే ఉంది. నేను దించుతే అన్ని దినాలు దించాలె గద. ఒక్క సారు డ్యూటీనాడు ఎందుకు ఇడిసిపెడ్త?”

ఇంజినీరు గోడ వైపు తల కూడా తిప్పలేదు. “గోడమీది బొమ్మలు చూసి ఆఫీసు నడపాల్నా?” అన్నాడు. రైతుల్లో ఒకరిద్దరు నవ్వారు. చుట్టాల కారు హారన్ కొట్టింది. ఆయన వెళ్లిపోయాడు. నన్ను బస్సెక్కి వెనక్కి పొమ్మన్నాడు.

నేను పోలేదు. గోడ దగ్గరికి పోయి చూశాను. ఎండకు కళ్లు నొప్పిపుట్టేదాకా చూశాను. సున్న, బొట్టు, మూడు గీతలు. మళ్లీ సున్న. సున్న ఉన్న ప్రతిచోటా గీత జానెడు పైన ఉంది. ఒక్కచోట కూడా తప్పలేదు. మా కంట్రోల్ రూములో లక్షణంగా పచ్చగా వెలిగే తెర నెల రోజులు చూపించలేనిది ఆ గోడ చూపిస్తోంది. దగ్గు సారు ఒక్కడే వేరుగా చేసేది ఏమిటి అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. జవాబు వెంటనే వచ్చింది, పాత లాగిన్. ఆ కాలువ గట్టుమీదే కూలబడ్డాను.

“ఏమైంది సార్, నీళ్లు తాగుతరా?” అని లస్కర్ తన సీసా ఇచ్చాడు. తాగాను. అప్పుడే చెప్పేయాల్సింది. ఖాయం చేసుకొని చెబుదామనుకున్నాను. అదీ ఒక సాకే.

మధ్యాహ్నానికి కంట్రోల్ రూముకు చేరుకొని, పాత లాగిన్‌తో లోపలికి పోయి, కనబడని ఫైళ్లను కనబడేట్టు చేశాను. పేరు ముందు చుక్క పెట్టుకొని అది అక్కడే ఉంది. తెరిచాను. ఏడో గేటు, నలభై అయిదు. దాని పైన, తర్వాత చదివేవాళ్ల కోసం నేనే రాసుకున్న ఒక వరుస ఉంది. తాత్కాలికం, అసలు ఫైల్లో మార్చాలి అని. కింద నా పొడి అక్షరాలు. మేడమ్ ఫోల్డర్ చూశాను, అందులో ఏమీ లేదు. హలో సారు ఫోల్డర్‌లోనూ లేదు. ఆ ఫైలును వాళ్లిద్దరి ఫోల్డర్లలోకీ కాపీ చేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టలేదు. ఆ రోజు డ్యూటీలో ఉన్న మేడమ్‌తో సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మొదలుపెట్టించాను. సాయంత్రానికి ఏడో గేటు కింద నీళ్లు ఎక్కాయి.

మర్నాడు ఇంజినీరు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. లస్కర్ తప్పు లేదు సార్, తప్పు నాది అన్నాను. ఆయన అంతా విన్నాడు.

“ఇప్పుడు నీళ్లు వస్తున్నయా?”

“వస్తున్నయి సార్.”

“ఇగ గొడవేముంది. వాణ్ణి తీసేయమని నిన్ననే ఏజెన్సీకి ఫోన్ చేసిన. రైతులు కూడా సల్లబడ్డరు. మళ్లీ కెలుకుడెందుకు?”

“ఆయన ఉద్యోగం పోయింది కదా సార్.”

“నీకు ఇంకెన్ని నెలలుంది సర్వీసు? పెన్షన్ కాగితాలు నా బల్లమీంచే పోవాలె. మంచిగ పోనీయ్.”

కోపంగా కూడా అనలేదు, నా మేలు కోరి చెప్పినట్టే అన్నాడు. నా కోపం ఇప్పటికీ చల్లారకపోవడానికి ఆ మెత్తదనమే కారణం. ఒకరి కూడు పోయిందంటే ఇంకొకరి పెన్షన్ గుర్తుచేసి నోరు మూయించవచ్చని ఆయనకు ఎంత సులువుగా తోచింది! అంతకంటే మంట పుట్టించేది ఇంకోటి ఉంది. ఆ మాటకు నేను నిజంగానే భయపడ్డాను. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు మా ఆవిడ విషయం రాబట్టి, “ఆయిన బల్లమీంచి పోకుంటే ఇంకో బల్లమీంచి పోతది. నువ్వు రాసియ్యి” అంది.

రాశాను. ఒకటిన్నర పేజీ. ఏ ఫైలు ఎక్కడ పెట్టాను, ఎందుకు పెట్టాను, ఎప్పుడు మరిచాను, లస్కర్ గోడమీద ఏం గీశాడు, అన్నీ రాసి, ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నంబరు వేయించి రసీదు తీసుకున్నాను. ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

దానిమీద ఆఫీసు ఏం చేసిందో వినండి. లాగిన్ ఆర్డర్ పాటించలేదని దగ్గు సారుకు మెమో ఇచ్చారు. అంటే, నెల రోజులు ఏడో గేటుకు నీళ్లిచ్చిన ఒకే ఒక్క మనిషికి శిక్ష. అసలు ఫైల్లో అంకె మార్చమని కంపెనీకి ఉత్తరం పోయింది. నాకు ఆ ఇంజినీరు చేతులమీదుగానే శాలువా వచ్చింది. లస్కర్‌ను తీసేసిన కాగితం మాత్రం, విధి నిర్వహణలో నిర్లక్ష్యం అన్న మాటతో సహా, తన ఫైల్లో తాను చెక్కుచెదరకుండా ఉంది. నా ఒప్పుకోలు ఇంకో ఫైల్లో ఉంది. ఆ రెండు ఫైళ్లూ ఒక బల్లమీదికి ఎన్నడూ రాలేదు.

నేను నడిపిన సాఫ్ట్‌వేర్‌కు ఒక నీతి ఉంది. అది అందరి ఫైలూ చదువుతుంది, ఒక్కరి ఫైలూ చదువుతుంది, రెండూ చదివాకే ముందుకు పోతుంది. మా ఆఫీసు తప్పును వెతికే తీరు అలా కాదు. అది కింది మనిషి దగ్గర మొదలుపెడుతుంది. అక్కడ ఏదో ఒకటి దొరికిందనిపించగానే ఆగిపోతుంది. పైకి పోయి ఇంకో ఫైలు తెరవదు. నేను ముప్పై ఏళ్లు ఆ శాఖలోనే ఉన్నాను, ఆ పద్ధతి నాకూ అంటుకుంది. లస్కర్ ఫోన్ చేసినప్పుడల్లా నేనూ ఆయన దగ్గరే ఆగిపోయాను కదా. పిల్లలూ, మీరు ఏ ఆఫీసులో చేరినా మొదటి నెలలోనే ఈ సంగతి గమనించుకోండి. మీ ఫైళ్లలో తాత్కాలికం అని ఎక్కడెక్కడ రాసిపెట్టారో అది కూడా చూసుకోండి.

ఆ తర్వాతి వానాకాలం కాలువకు నీళ్లు వదిలేటప్పుడు ఏడో గేటు ఇరుక్కుంది. కొత్తగా పెట్టిన మనిషికి దాని మతలబు తెలియలేదు. చేసేది లేక పాత లస్కర్‌నే పిలిచారు. తిరిగి తీసుకున్నట్టు కాదు, కొత్తగా చేర్చుకున్నట్టు కాగితం రాశారు. పాత సర్వీసు పోయింది. నేను అప్పటికి ఇంట్లో ఉన్నాను. దగ్గు సారు ఫోన్ చేసి చెప్పాడు. వచ్చిన ఆదివారం బస్సెక్కి ఆ ఊరికి పోయాను.

ఆయన ప్రార్థన ముగించుకొని ఇంటికి వచ్చే వేళ. నన్ను చూసి కుర్చీ వేశాడు. మొత్తం చెప్పాను. ఫైలు సంగతి, పది ఫోన్ల సంగతి, కానీ అన్న సంగతి కూడా. ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింది. ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన అన్నాడు. “నాకు చెప్తే ఏమొస్తది సార్? నేను దించలేదని నాకు ముందే తెల్సు. ఊరికి చెప్పుండ్రి.”

“ఎక్కడ చెప్పమంటవు?”

“గేటుకాడ. ఆడ్నే గద నా చేతులకెంచి గుంజుకున్నది.”

సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర పదిహేను మంది దాకా చేరారు. ఆ పెద్ద రైతు కూడా వచ్చాడు. లస్కరే ఆ రైతు ఇంటికి పోయి, హ్యాండిల్ తెమ్మని చెప్పి మరీ పిలుచుకొచ్చాడు. నేను నిలబడి చెప్పాను. సభల్లో మాట్లాడే అలవాటు లేదు. గేటు దించింది ఈయన కాదు, నేను రాసిన ఒక ఫైలు, దాన్ని మరిచింది నేను, ఈయన గోడమీద గీసిన గీతలే నిజం అన్నాను. గీతలు అప్పటికి వానకు సగం కొట్టుకుపోయాయి. సున్నలు రెండు మూడు మిగిలి ఉన్నాయి. వాటిని చేత్తో చూపించాను.

ఒక కౌలు రైతు, “మరి మా పంట పోయె గద సారూ, దానికెవరు జవాబు?” అని అడిగాడు. నేను తల వంచుకున్నాను. ఆయన అడిగింది సబబే.

పెద్ద రైతు ముందుకొచ్చి హ్యాండిల్‌ను గోడకు ఆనించి పెట్టాడు. “తీస్కో” అన్నాడు, మొహం పక్కకు తిప్పి.

లస్కర్ కదల్లేదు. చేతులు రెండూ కిందికి వేలాడేసుకొని నిలబడ్డాడు. “గోడకాడికెంచి తీస్కపోలేదు గద పటేలా. నా చేతులకెంచి తీస్కపోయినవు.”

ఆయన గొంతు పెరగలేదు. ఊళ్లో అలాంటి మాట అలాంటి ఇంట్లోంచి వినడం ఆ రైతుకు అలవాటు లేదని ఆయన చెవులు ఎర్రబడడంలోనే తెలిసింది. పెద్ద రైతు వంగాడు. హ్యాండిల్ రెండు చేతులతో ఎత్తి, లస్కర్ చేతుల్లో పెట్టాడు. పెట్టి, “మేం తొందరపడ్డం రా” అన్నాడు. అంతకంటే ఎక్కువ ఆ మనిషి నోట రాదు.

లస్కర్ దాన్ని గేటుకు తగిలించి ఒక్కసారి తిప్పి చూసుకున్నాడు. జారకుండా తిరిగింది. తీసి భుజాన వేసుకున్నాడు. అందరూ చెదిరిపోయాక నన్ను బస్సు ఆగే దాకా నడిపించుకొచ్చాడు. బస్సు కనబడుతుండగా అడిగాడు.

“సార్, ఇయ్యాల మీరు చెప్పింది గా కాయితంల రాసిండ్రా? నన్ను తీసేసిన కాయితంల?”

“నేను రాసిచ్చిన. కానీ ఆ కాగితంల వాళ్లు ఎక్కించలేదు.”

“అయితే ఇంగ దాంట్ల నేనే దొంగను.”

బస్సు వచ్చింది. ఎక్కాను. ఆ తర్వాత ఆ ఆఫీసుకు మూడుసార్లు అర్జీ పెట్టాను. సంబంధిత ఫైలు అందుబాటులో లేదని ఒకసారి జవాబు వచ్చింది, రెండుసార్లు అదీ రాలేదు. వాళ్ల ఫైల్లో రాయనిది ఇక్కడ రాస్తున్నాను. ఏడో గేటు దించింది ఆ లస్కర్ కాదు. నేను.